భయపడే పిల్లితో విదేశీ విమాన ప్రయాణం: మేం వాడిన క్యాబిన్ బ్యాగ్ ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తాను, బ్యాగ్ బాగుంది. మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను. జిప్పుల విషయంలో మాత్రం కంపెనీ మీద గట్టి కోపమే ఉంది, అది కింద వివరంగా రాస్తాను. బ్యాగ్ ఒక్కదాని గురించే అయితే రెండు పేరాల్లో అయిపోతుంది. కానీ దాన్ని మా పిల్లికి ఎలా అలవాటు చేశామో, దాంతోపాటు ఏ మందు వేశామో, కాగితాల పనికి పెట్టుకున్న ఏజెన్సీ ఎంతవరకు పనికొచ్చిందో చెప్పకుండా ఐదుకి నాలుగు స్టార్లు అని వదిలేస్తే, ఒకపక్క ఇల్లంతా సర్దుకుంటూ ఇంకోపక్క పిల్లిని తలుచుకుని నిద్రపట్టక దొర్లుతున్నవాళ్లకి ఏం ఉపయోగం? అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మా పిల్లి చుక్కి మామూలు పిరికిది కాదు. కాలింగ్ బెల్ మోగితే వాషింగ్ మెషిన్ వెనక దూరిపోతుంది, వచ్చినవాళ్లు వెళ్లిపోయాక కూడా చాలాసేపు బయటికి రాదు. కారెక్కిస్తే మొదట అరుస్తుంది, తర్వాత చొంగ కారుస్తుంది, ఇంకాస్త దూరం పోతే నోరు తెరిచి రొప్పడం మొదలుపెడుతుంది. పిల్లి నోరు తెరిచి రొప్పిందంటే భయం బాగా ముదిరిందని అర్థం. ఇలాంటి దాన్ని రెండు విమానాలెక్కించి వేరే ఖండానికి ఎలా తీసుకెళ్తారు, ఎవరికైనా ఇచ్చేసి వెళ్లండి అని తెలిసినవాళ్లు చాలామంది సలహా ఇచ్చారు. మా పాప ఆ మాట విని ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంట్లో ఒకరిని వదిలేసి మిగిలినవాళ్లం వెళ్లిపోవడం ఏంటి? చుక్కి మనతోనే వస్తుంది అని మా ఆయన అప్పుడే తేల్చి చెప్పేశాడు. ఇక మిగిలిందల్లా ఎలా అన్నదే.

కార్గోనా, క్యాబినా అన్నది మొదటి ప్రశ్న. కార్గో అనగానే చలికి, ఊపిరాడకపోవడానికి చాలామంది భయపడతారు గానీ, జంతువులను పెట్టే అరలో కూడా గాలి ఒత్తిడి క్యాబిన్‌లో ఉన్నట్టే ఉంటుంది, వేడి కూడా అదుపులో ఉంచుతారు. మా టెన్షన్ అది కాదు. ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు విమానం పక్కన ఆ ఇంజిన్ల మోతలో, ముక్కూమొహం తెలియని మనుషుల చేతుల్లో చుక్కి ఎన్ని గంటలు ఉండాల్సి వస్తుందో అన్నది అసలు బెంగ. మేం వెళ్లే దేశం క్యాబిన్‌లో పిల్లిని రానిస్తుంది కాబట్టి క్యాబినే అనుకున్నాం. అన్ని దేశాలూ అలా కాదు. బ్రిటన్‌కి విమానంలో వచ్చే పెంపుడు జంతువులు కార్గోగానే దిగాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కూడా అంతే, పైగా అక్కడ క్వారంటైన్ ఉంటుంది. ఆస్ట్రేలియా అయితే మెల్‌బోర్న్ దగ్గర మికిల్‌హామ్ కేంద్రంలో కనీసం 10 రోజులు ఉంచాలి. మీరు వెళ్లేది ఆ దేశాలకైతే ఈ బ్యాగ్ కొనకండి, డబ్బు దండగ.

మేం కొన్నది మెత్తటి గుడ్డ గోడలున్న రకం. పైన ఒక జిప్పు, పక్కన ఒక జిప్పు, మూడు వైపులా గాలాడే వల, అడుగున తీసి పెట్టుకునే గట్టి అట్ట, దాని మీద ఉతుక్కోగలిగే చిన్న పరుపు, లోపల హార్నెస్‌కి (పిల్లి ఒంటికి తొడిగే పట్టీకి) తగిలించే కొక్కెం, వెనక ట్రాలీ సూట్‌కేస్ పిడికి తొడిగే పట్టీ. ఒక పక్క గోడ జిప్పు తీస్తే అది బయటికి సాగి లోపల చోటు దాదాపు రెట్టింపు అవుతుంది. విమానంలో దీన్ని సాగదీయడం కుదరదు కానీ, మధ్యలో విమానం మారేచోట, తర్వాత హోటల్ గదిలో ఇదే మమ్మల్ని కాపాడింది.

మెత్తటిదే ఎందుకు తీసుకున్నామంటే, సీటు కింద చోటు ఒక్కో ఎయిర్‌లైన్‌లో ఒక్కోలా ఉంటుంది. లుఫ్తాన్సా చెప్పే కొలత పొడవు, వెడల్పు, ఎత్తు వరుసగా 55, 40, 23 సెంటీమీటర్లు. యునైటెడ్ మెత్తటి బ్యాగ్‌కి చెప్పేది దాదాపు 46, 28, 28. అంటే ఎత్తు దగ్గర ఒకరు 23కే ఆపేస్తే ఇంకొకరు 28 దాకా ఒప్పుకుంటారు, పొడవు దగ్గర మళ్లీ తిరగేసి ఉంటుంది. మధ్యలో ఎయిర్‌లైన్ మారితే రెండింటికీ సరిపోవాలి కదా. గట్టి ప్లాస్టిక్ బాక్స్ ఒక్క అంగుళం ఎక్కువైనా సీటు కిందికి దూరదు, గుడ్డది కాస్త అణిగి దూరుతుంది. బరువు కూడా చూసుకోవాలి. లుఫ్తాన్సా, కేఎల్‌ఎం లాంటి వాటిలో పిల్లీ బ్యాగూ కలిపి 8 కిలోలు దాటకూడదు. ఇవన్నీ మారుతూ ఉంటాయి, పైగా ఒక్కో విమానంలో ఇన్ని జంతువులకే చోటు అని లెక్క ఉంటుంది. కాబట్టి మీ టికెట్ కంటే ముందు పిల్లికి చోటుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. మేం పిల్లికి ఖాయమయ్యాకే మా ముగ్గురికీ టికెట్లు తీసుకున్నాం. సీటు దగ్గర ఇంకో సంగతి, కొన్ని విమానాల్లో సీటు కింద ఒక ఎలక్ట్రానిక్ పెట్టె అడ్డంగా ఉంటుంది, దాంతో సగం చోటు పోతుంది. ఏ వరుసలో ఏ సీటుకి ఆ పెట్టె లేదో కూడా అడగండి, చెప్తారు. ముందు సీటు లేని మొదటి వరుస, ఎమర్జెన్సీ వరుస ఎలాగూ ఇవ్వరు.

ఇప్పుడు అసలు విషయం. ఈ బ్యాగ్ ఎంత మంచిదైనా ప్రయాణం రోజు అటక మీంచి దించి పిల్లిని అందులో కుక్కితే ఎందుకూ పనికిరాదు. చుక్కి భయమంతా బ్యాగ్ దగ్గరే మొదలయ్యేది, ఎందుకంటే దాని అనుభవంలో బ్యాగ్ కనిపించిందంటే డాక్టర్ దగ్గరికి, సూదికి అని. అందుకే పాత ప్లాస్టిక్ బాక్స్ పూర్తిగా కనపడకుండా తీసేసి, నెలల ముందే ఈ కొత్తది తెచ్చి హాల్లో దానికిష్టమైన కిటికీ పక్కన తలుపు తెరిచి పెట్టేశాం. ఎవరూ దాన్ని ఎత్తి లోపల పెట్టకూడదు అని ఇంట్లో కట్టడి. మొదట్లో దూరం నుంచి చుట్టూ తిరిగి వాసన చూసి పోయేది. తర్వాత తిండి గిన్నె బ్యాగ్ గుమ్మం దగ్గర పెట్టాం, తర్వాత లోపలికి జరిపాం. ఒకరోజు పాప పిలిస్తే వెళ్లి చూశాను, చుక్కి బ్యాగ్ జిప్పు అంచుకి బుగ్గ ఆనించి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు రుద్దుతోంది, కళ్లు సగం మూసుకుని. పిల్లి బుగ్గల దగ్గర ఉండే గ్రంథుల వాసనతో ఇది నా చోటు అని గుర్తు పెట్టుకుంటుంది. ఆ రోజు నాకు సగం భారం దిగిపోయింది. మార్కెట్లో దొరికే ఫెలివే స్ప్రే కూడా ఈ బుగ్గ వాసనకి నకలే. దాన్ని కొట్టిన వెంటనే పిల్లిని లోపల పెట్టకూడదు, అందులోని ఆల్కహాల్ ఆరడానికి పావుగంట ఆగాలి. మేం కూడా వాడాం, హాని లేదు, కొంత సాయం చేసిందనే అనుకుంటున్నాను, కానీ దాన్ని మాత్రమే నమ్ముకోకండి.

అది తనంతట తాను లోపల పడుకోవడం మొదలుపెట్టాక జిప్పు కాస్త వేసి వెంటనే తీయడం, తర్వాత వేసి ఉంచి లోపలికి తిండి అందించడం, ఎత్తి గది దాటించి దించడం, మెట్లు దిగడం, ఆగి ఉన్న కార్లో కూర్చోవడం, వీధి చివరిదాకా వెళ్లి రావడం. ఏ రోజైనా అరుపు మొదలైతే ఒక మెట్టు వెనక్కి. ఇల్లు ఖాళీ చేసే హడావిడిలో ఇంత ఓపిక ఎక్కడిది అనిపిస్తుంది, నిజమే, కానీ ఈ పనంతా మా పాప తీసుకుంది, స్కూల్ నుంచి రాగానే అదే పని. పిల్లలున్న ఇంట్లో ఈ బాధ్యత వాళ్లకి అప్పజెప్పండి, వాళ్ల బెంగ కూడా కాస్త తగ్గుతుంది. బ్యాగ్ మీద నా అసలు మార్కులు ఇక్కడే. రెండు వైపులా తెరుచుకోవడం వల్ల, పైనుంచి చెయ్యి పెట్టి నిమరగలగడం వల్ల, గోడలు మెత్తగా ఉండి అది ఒత్తిగిల్లి పడుకోగలగడం వల్ల ఈ అలవాటు చేయడం చాలా తేలికైంది. పాత ప్లాస్టిక్ బాక్స్‌తో ఇది జరిగేది కాదు.

మందు సంగతి. మత్తు ఇచ్చి పడుకోబెట్టేద్దాం అని చాలామంది అంటారు. మా వెటర్నరీ డాక్టర్ గారు ఒప్పుకోలేదు, ఆమె చెప్పింది నాకు సబబుగా అనిపించింది. ఎసిప్రోమాజిన్ లాంటి పాత మత్తుమందులు పిల్లిని కదలకుండా చేస్తాయి గానీ లోపలి భయాన్ని తగ్గించవు, పైగా రక్తపోటు పడిపోతుంది, శరీరం వేడిని అదుపు చేసుకోలేదు. జంతువుల విమాన ప్రయాణానికి నియమాలు పెట్టే ఐయాటా కూడా మత్తు వద్దనే చెబుతుంది. ఆమె ఇచ్చింది గాబాపెంటిన్. ఇది భయాన్ని తగ్గిస్తుంది, కాస్త మగతగా ఉంటుంది, అంతే. 2017లో వచ్చిన ఒక పరిశోధనలో ఆస్పత్రికి బయల్దేరడానికి గంటన్నర ముందు ఒక్క డోసు ఇస్తే పిల్లుల్లో ప్రయాణపు బెదురు బాగా తగ్గినట్టు తేలింది. ఐరోపాలో అయితే ఇదే కుటుంబానికి చెందిన ప్రీగాబాలిన్‌ని ప్రత్యేకంగా పిల్లుల ప్రయాణ భయం, ఆస్పత్రి భయం కోసమే, నోట్లో వేసే ద్రవంగా, 2021లో అనుమతించారు. మోతాదు నేను రాయను, మీ డాక్టర్‌నే అడగండి, ఎందుకంటే ఈ మందు కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది, కిడ్నీ జబ్బున్న ముసలి పిల్లికి తక్కువ ఇవ్వాలి. ఒక్కటి మాత్రం తప్పక చేయండి: ప్రయాణానికి ముందే ఇంట్లో ఒకసారి ఇచ్చి చూడండి. చుక్కి ఆ సాయంత్రం సోఫా ఎక్కబోయి వెనక కాళ్లు తేలిపోయి జారింది. కంగారు పడ్డాం గానీ, అలా తూలడం మామూలేనని డాక్టర్ ముందే చెప్పి ఉన్నారు. అదే మొదటిసారి విమానాశ్రయంలో చూసి ఉంటే మా ప్రాణాలు పోయేవి.

కాగితాల గురించి, ఏజెన్సీ గురించి. పేరు రాయను. కొంతవరకు పనికొచ్చారు, ఏ తేదీకి ఏ పని అవ్వాలో పట్టిక వేసి ఇచ్చారు. ఈ పట్టిక ఎందుకు ముఖ్యమంటే వరుస తప్పితే మొత్తం మొదటికొస్తుంది. ముందు మైక్రోచిప్, అంటే పిల్లి చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్, ఐఎస్‌ఓ 11784, 11785 అనే అంతర్జాతీయ ప్రమాణాలకి సరిపడే 15 అంకెలది. ఆ తర్వాతే రేబిస్ టీకా. చిప్ కంటే ముందు వేయించిన టీకాని యూరోపియన్ యూనియన్ లెక్కలోకే తీసుకోదు. మొదటి టీకా వేశాక కనీసం 21 రోజులు ఆగాలి. బయల్దేరే దేశం యూరోపియన్ యూనియన్ ఒప్పుకున్న దేశాల జాబితాలో లేకపోతే టీకా వేసిన 30 రోజుల తర్వాత రక్తం తీసి పరీక్ష చేయించాలి, టీకా పనిచేసిందని చూపే యాంటీబాడీలు మిల్లీలీటరుకి కనీసం 0.5 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) ఉండాలి, ఆ రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. జపాన్ అయితే చాలా దేశాల నుంచి వచ్చే పిల్లులకి ఆ ఆగడం 180 రోజులు, 40 రోజుల ముందే సమాచారం కూడా ఇవ్వాలి. అంటే ఉద్యోగం ఖాయమైన రోజే పిల్లి పని మొదలుపెట్టకపోతే మీరు వెళ్లే తేదీకి పిల్లి తేదీ కలవదు. కుటుంబంలో ఒకరు ముందు, ఒకరు వెనక వెళ్లేవాళ్లు ఇంకోటి చూసుకోండి. యూరోపియన్ యూనియన్‌కి పిల్లి, దాని యజమాని ఐదు రోజుల తేడా లోపల ప్రయాణిస్తేనే అది సొంత పెంపుడు జంతువు కింద వస్తుంది. అది దాటితే వ్యాపారం కింద లెక్క, ఆ కాగితాలే వేరు.

ఇంత చెప్పిన ఏజెన్సీ వాళ్లే హెల్త్ సర్టిఫికెట్‌కి పంపిన వివరాల్లో చిప్ నంబర్లో రెండు అంకెలు తారుమారు చేశారు. మా ఆయన డాక్టర్ స్కానర్‌ని ఫొటో తీసి పెట్టుకున్నాడు, దాని పక్కన కాగితం పెట్టి ఒక్కో అంకె పైకి చదువుతుంటే బయటపడింది. ఫోన్ చేస్తే చిన్న పొరపాటే కదా అన్నారు. చిన్నదా? కాగితంలోని నంబరు, పిల్లి మెడ దగ్గర చదివిన నంబరు కలవకపోతే దిగిన చోట పిల్లిని ఆపేస్తారు, వెనక్కి పంపొచ్చు, క్వారంటైన్‌లో పెట్టొచ్చు. అధికారిక డాక్టర్ సంతకం పెట్టాక యూరోపియన్ సర్టిఫికెట్ చేరేదాకా చెల్లేది 10 రోజులే, అంటే తిరిగి చేయించుకోవడానికి కూడా టైం పెద్దగా ఉండదు. మేం పట్టుబట్టి సరిచేయించాం. నా అభిప్రాయం, కార్గోలో పంపేవాళ్లకి ఏజెన్సీ తప్పనిసరి అవసరమే. పిల్లిని వెంట తీసుకెళ్లేవాళ్లు ఓపికగా వెళ్లే దేశం ప్రభుత్వ వెబ్‌సైట్ చదువుకుని, ఒక మంచి వెటర్నరీ డాక్టర్ సాయంతో సొంతంగా చేసుకోవచ్చు. ఎవరిని పెట్టుకున్నా సరే, ఆ 15 అంకెలు మీరే చదవండి.

ఇక విమానాశ్రయం. అందరూ విమానం లేచేటప్పుడు ఏమవుతుందో అని భయపడతారు, పిరికి పిల్లికి అసలు గండం సెక్యూరిటీ దగ్గర. అక్కడ బ్యాగ్ ఖాళీగా ఎక్స్‌రేలోకి వెళ్లాలి, పిల్లిని చేతుల్లో పట్టుకుని మనం నడవాలి. ట్రేల చప్పుడు, చక్రాల చప్పుడు, మైకులు, తోసుకొచ్చే జనం. అది చేతుల్లోంచి దూకితే ఆ హాల్లో మళ్లీ దొరుకుతుందా? మేం క్యూలోకి వెళ్లకముందే అక్కడి అధికారి దగ్గరికి వెళ్లి, భయపడే పిల్లి ఉంది, తలుపున్న గదిలో తనిఖీ చేస్తారా అని అడిగాం. చాలా విమానాశ్రయాల్లో ఒప్పుకుంటారు, కానీ అడిగితేనే. చిన్న గదిలోకి తీసుకెళ్లి తలుపేశారు. పైజిప్పు తీసి, చుక్కిని పాత తువ్వాలుతో చుట్టి ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాను, ఖాళీ బ్యాగ్‌ని మా ఆయన బయటికి పంపాడు. చెవులు వెనక్కి అంటుకుపోయి ఉన్నాయి, గుండె నా అరచేతికి దడదడా తెలుస్తోంది, కానీ అరవలేదు, గీరలేదు. ఆ ఆఫీసర్ నా చేతులకి పేలుడు పదార్థాల పరీక్ష పట్టీ రాస్తూ గొంతు తగ్గించి మాట్లాడింది, ఆమెకి ఎంత కృతజ్ఞత చెప్పుకున్నా తక్కువే. బ్యాగ్ తిరిగి రాగానే నేల మీద పెట్టి పక్క జిప్పు తీశాం. చుక్కి నా ఒళ్లోంచి దిగి తనే లోపలికి నడిచి వెళ్లిపోయింది. ఎవరూ నెట్టలేదు. ఇన్ని నెలలు పాప పడ్డ కష్టమంతా ఈ ఒక్క క్షణానికే అనిపించింది.

హార్నెస్ గురించి రెండు మాటలు. సన్నటి పట్టీల రకం వద్దు, భయపడ్డ పిల్లి వెనక్కి జరిగి దాంట్లోంచి ఇట్టే జారిపోతుంది. జాకెట్‌లా ఛాతీ మొత్తం చుట్టేది తీసుకుని, దాన్ని కూడా ముందే ఇంట్లో అలవాటు చేయండి. ఇనుప బకిల్స్ ఎక్కువున్నవి డిటెక్టర్ దగ్గర మోగుతాయి, తీసేయమంటారు.

విమానంలో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, అదే మంచి వార్త. లేచేటప్పుడు కాసేపు సన్నగా మూలిగింది. బ్యాగ్ మీద వల పూర్తిగా మూసుకుపోకుండా దాని వాసనున్న పాత దుప్పటి ముక్క కప్పాం, చీకటిగా ఉండేసరికి సర్దుకుంది. బయల్దేరడానికి ఐదారు గంటల ముందే కొంచెం తిండి పెట్టి ఆపేశాం, ఖాళీ కడుపైతే వాంతులు తక్కువ. నీళ్లు మాత్రం మానకూడదు, క్యాబిన్ గాలి చాలా పొడిగా ఉంటుంది. గిన్నెలో పెడితే ముట్టలేదు, వేలికి తడి చేసి పెడితే నాకింది, తర్వాత సూది లేని సిరంజితో బుగ్గ పక్క నుంచి కొంచెం కొంచెంగా ఇచ్చాం. అడుగున పరిచిన పీల్చే ప్యాడ్ మార్చాల్సిన అవసరం మొదటి విమానంలో రాలేదు, పిల్లులు చాలా గంటలు బిగబట్టుకుంటాయి. అయినా చేతి సంచిలో రెండు ప్యాడ్లు, తడి తుడుపులు, మూతి కట్టే కవర్లు ఉంచుకోండి. పక్కసీటాయనకి పిల్లి వెంట్రుకల ఎలర్జీ ఉందని చెప్తే ఎయిర్‌హోస్టెస్ ఆయన్ని వేరే చోటికి మార్చింది, ఎవరికీ ఇబ్బంది లేకుండా అయిపోయింది. విమానం మారే చోట పిల్లల్ని చూసుకునే గది తలుపు మూసి, బ్యాగ్ పక్క గోడ సాగదీసి, అందులో మడత ట్రేలో కొంచెం లిట్టర్ (పిల్లి మలమూత్రాలకి వాడే ఇసుక లాంటిది) పోసి పెట్టాం. బ్యాగ్ పూర్తిగా తెరవకుండానే పని జరిగింది. ఆ సాగే గోడ లేని మోడల్ కాస్త చవగ్గా దొరుకుతుంది, కానీ విమానం మారేవాళ్లు అది తీసుకోవద్దు.

ఇప్పుడు కోపం సంగతి. పైజిప్పుకి రెండు స్లైడర్లు మూల దగ్గర కలుస్తాయి, వాటిని పట్టి ఉంచే లాక్ లేదు. చుక్కి ముక్కుతో ఆ మూలనే నెడుతుంది, నెట్టినప్పుడల్లా స్లైడర్ కొంచెం కొంచెంగా జరుగుతుంది, కాసేపటికి బొటనవేలు పట్టేంత సందు, ఇంకాసేపటికి తల పట్టేంత. తల పడితే పిల్లి ఒళ్లంతా పడుతుంది. పిల్లుల కోసమే తయారుచేశామని చెప్పుకునే బ్యాగ్‌కి ఇది క్షమించరాని లోపం. ఇంట్లో అలవాటు చేసేటప్పుడే కనిపెట్టాం కాబట్టి సరిపోయింది, రెండు స్లైడర్ల రంధ్రాల్లోంచి చిన్న కీ రింగు ఎక్కించాం. ప్లాస్టిక్ టై కట్టుకోమని కొందరు రాస్తున్నారు, అది మాత్రం చేయకండి, సెక్యూరిటీ దాటాక కోయడానికి మీ దగ్గర కత్తెర ఉండదు. కంపెనీకి మెయిల్ రాస్తే, మీ సూచన తయారీ విభాగానికి పంపాము అని అచ్చు వేసిన జవాబొకటి వచ్చింది.

అడుగు అట్ట కూడా బరువుకి మధ్యలో కొంచెం కిందికి వంగుతుంది, మేం దాని కింద ఇంకో పలుచని ప్లాస్టిక్ షీట్ కోసి పెట్టుకున్నాం. భుజం పట్టీకి మెత్త సరిపోదు, ట్రాలీకి తొడిగే పట్టీ మాత్రం గట్టిది, ఎక్కడా జారలేదు. వల బాగుంది. గోళ్లతో గట్టిగానే గీకింది, పోగులు లేచాయి, చిరగలేదు.

కొత్త ఇంట్లో దిగాక కూడా బ్యాగ్ పని అయిపోలేదు, కాబట్టి వెంటనే ఉతికి దాచేయకండి. చుక్కిని ముందు ఒక్క గదిలోనే ఉంచి, పాత బ్రాండ్ లిట్టరే తెచ్చి పోసి, బ్యాగ్ తెరిచి మూలన పెట్టాం. తిండి, నిద్ర అన్నీ కొన్నాళ్లు అందులోనే. తినడం మాత్రం కళ్లలో వత్తులేసుకుని చూడాలి. పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే కాలేయానికి కొవ్వు పట్టే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు, లావుగా ఉన్న పిల్లులకి ఇంకా ముప్పు. ఒక్క రోజంతా ముట్టకపోయినా వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి, సర్దుకుంటుందిలే అని ఆగొద్దు. కొత్త ఊళ్లో డాక్టర్ నంబరు దిగకముందే దగ్గర పెట్టుకోండి. మైక్రోచిప్ రిజిస్ట్రేషన్‌లో ఫోన్ నంబరు, అడ్రసు మార్చడం కూడా ఆ వారంలోనే చేసేయండి, సామాన్లు విప్పే గొడవలో చాలామంది ఇది మర్చిపోతారు.

ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. మీ పిల్లి పొడవుగా, బరువుగా ఉండి ఇందులో లేచి నిలబడి వెనక్కి తిరగలేకపోతే దీన్ని తీసుకోకండి, ఇంకా పెద్ద సైజు బ్యాగ్ సీటు కింద పట్టదు. పర్షియన్ లాంటి చప్పిడి ముక్కు జాతులైతే ఊపిరి ఇబ్బంది వల్ల చాలా ఎయిర్‌లైన్లు కార్గోలో ఎక్కించుకోవు, క్యాబిన్ ఒక్కటే దారి కాబట్టి వాళ్లు టికెట్లు ఇంకా ముందే చూసుకోవాలి. కార్గో తప్పనివాళ్లు ఐయాటా నియమాలకి సరిపోయే గట్టి క్రేట్ తీసుకోండి: పిల్లి నిలబడగలగాలి, తిరగగలగాలి, నీళ్ల గిన్నె తలుపు తీయకుండా బయటి నుంచే నింపగలిగేలా ఉండాలి, అడుగున తడి పీల్చే పరుపు ఉండాలి. ఆ క్రేట్‌ని కూడా కొన్న రోజే విప్పి, తలుపు తీసి, ఇంట్లో పిల్లి ఎక్కువగా పడుకునే చోట పెట్టేయండి.